సీటు కడ్డీ మీద నీలం గీత

కబురొచ్చేసరికి నలుగురూ వంటింట్లోనే ఉన్నారు. "అన్నయ్యా, నా పేరు తగిలింది," అంది ఆడపడుచు, నోట్లో టూత్‌బ్రష్షు అలాగే పెట్టుకుని. కొత్తవాళ్ల కోసం పెట్టిన సైకిలు రేసు అది. నలభై కిలోమీటర్లు. చీటీలు తీసి ముప్ఫైమందికే చోటిచ్చారు. వదినా మరదళ్లిద్దరూ పేర్లు పంపితే ఒకరిదే వచ్చింది.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కొత్త కోడలే. ఆ చప్పట్లలో ఎంత కారం కలిసిందో ఆమెకొక్కదానికే తెలుసు.

పెళ్లై నాలుగు నెలలు. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున్నే వంటింటి గట్టెక్కి కూర్చుని, రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ల కబుర్లు చెప్పి నవ్వించేవాడు. ఆ అరగంట కోసమే ఆమె అలారం కంటే ముందు లేచేది. ఇప్పుడు అయిదింటికల్లా స్కూటరు తీసి చెల్లెలి సైకిలు వెనక బయలుదేరుతున్నాడు. తిరిగొచ్చాక కబుర్లన్నీ చెల్లెలి పిక్కల గురించే.

"మా పొడుగుపిల్ల నిన్న వంతెన ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో చెప్పుకో చూద్దాం," అనేవాడు.

"మీరే చెప్పండి, లోకమంతా ఎదురుచూస్తోంది," అనేది ఆమె.

అత్తగారు నవ్వేది. "ఊరికే అన్నారా, ఆడబిడ్డ అర్ధమొగుడని. నీ మొగుణ్ణి సగం కాదు, మొత్తం పట్టుకుపోయింది."

అత్తగారికది సరదా. కోడలికి పుండు మీద కారం.

ఇంట్లో ఉన్నది ఒకటే రేసు సైకిలు. పొద్దున ఆడపడుచు సాధనకి, ఆ తర్వాత కోడలు యూనిఫారాలు కుట్టే దుకాణానికి. ఇద్దరి ఎత్తులూ వేరు కాబట్టి సీటు కడ్డీ మీద అతను రెండు టేపు ముక్కలు అంటించాడు. పైన నీలం గీత చెల్లెలిది, కింద పసుపుది భార్యది. ఎవరు ఎక్కితే వాళ్లు తమ గీత దాకా సీటు జరుపుకోవాలి.

రేసు ఇంకా పది రోజులుందనగా, ఎవరూ చూడకుండా ఆమె నీలం గీతని వేలెడు కిందికి అంటించింది. ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు ఆ పొగడ్తలు ఆగితే చాలనుకుంది. మర్నాడు పైకి మార్చబోతే అతను సైకిలు పక్కనే గొలుసుకి నూనె రాస్తున్నాడు, మహా ప్రేమగా. ఆమె చేతులు కట్టుకుని లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత మార్చనే లేదు.

రేసు ముందురోజు పొద్దున ఆడపడుచు కుంటుతూ వచ్చి గుమ్మంలో కూలబడింది.

"నావల్ల కాదన్నయ్యా. వారం నుంచి మోకాలు గుంజుతోంది. రోజురోజుకీ వెనకబడుతున్నాను. నా కాళ్లకి అంత సత్తా లేదు."

"తప్పు నాదే. ఎక్కువ తొక్కించాను," అన్నాడతను, తల దించుకుని.

"నా చోటు వదినకిమ్మని రేసువాళ్లని అడుగుదాం. పేరు మార్చడానికి సాయంత్రం దాకా టైముందట. వదినక్కూడా ఆశే కదా, పైకి చెప్పదు గానీ."

కోడలి చేతిలో గరిట ఆగిపోయింది. ఏ నోరు లేని కోడలో అయితే ఊరుకునేదేమో. ఈ కోడలు నోరున్నది, పైగా మనసు మంచిది.

"తప్పు మోకాలిది కాదు," అంది. "గీత నేనే జరిపాను."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమె రెండోసారి, ఇంకాస్త గట్టిగా చెప్పింది. అత్తగారి చేతిలో పళ్లెం చప్పుడు చేస్తూ గట్టు మీద పడింది.

"ఎందుకు?" అన్నాడతను.

"పొద్దున అరగంట నాదనుకున్నాను. మీరు నాకు చెప్పకుండానే దాన్ని ఇచ్చేశారు."

ఆడపడుచు లేచి నిలబడింది, కళ్లనిండా నీళ్లతో.

"వారం, వదినా. వారం రోజులు నా కాళ్లని నేనే తిట్టుకున్నాను. అద్దం ముందు నిలబడి ఏడ్చాను. నీకు అన్నయ్యే కావాలంటే తీసుకోవచ్చుగా, నా మోకాలెందుకు?"

కోడలు లోపలికి వెళ్లి కొలతల టేపు తెచ్చి, నేల మీద మోకాళ్లు వేసింది. "గోడకి ఆనుకుని నిలబడు," అంది. దుకాణంలో రోజుకి నలభైమంది పిల్లల కాళ్లు కొలిచే చెయ్యి. మడమ నుంచి తొడ దాకా రెండుసార్లు కొలిచి, గీతని నమ్మకుండా సీటు తనే బిగించింది. తొక్కించింది, దించింది, చిటికెడు పైకి జరిపి మళ్లీ తొక్కించింది.

నాలుగోసారి ఆడపడుచు సందు చివరిదాకా వెళ్లి, కుంటకుండా దిగింది. "గుంజుతోంది. కానీ తొక్కగలను."

"నన్ను కొట్టవే, తీరిపోతుంది," అంది కోడలు. ముక్కు చీదుకుంటోంది.

"రేపటికి ఓపిక దాచుకోవద్దూ?" ఆడపడుచు చెంపలు తుడుచుకుంది. "వినండి అందరూ. రేపు నాలుగున్నరకి బయలుదేరుతున్నాం. స్కూటరు మీద నా వెనక వచ్చేది వదిన. కొండ మలుపు దగ్గర నిలబడి నీళ్ల సీసా అందించేది కూడా వదినే."

"మరి నేను?" అన్నాడతను.

"నువ్వు అమ్మని ఆటోలో తీసుకురా. దారిలో వదినకి చెప్పాల్సిన కబుర్లు సిద్ధం చేసుకో, చాలా బాకీ ఉన్నావు." వదిన వైపు తిరిగింది. మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా రాలేదు. "నీతో పోట్లాట రేసయ్యాక. ముందు రేపు పొద్దున నన్ను లేపు."