దేవిడీ పిలిచిన పేరు

"మనస్వినీ..."

ఒక్కటే పిలుపు. పాతబస్తీ శాలిబండల కరెంటు పోయిన సందెవేళ, పాడుబడ్డ నవాబుల కాలం బంగ్లా, ఆ దేవిడీ గోడ అవతలి నుంచి... మెల్లగ, పాట లెక్క.

పదిహేనేండ్ల మనస్వినిని ట్యూషన్ నుంచి తోలుకొస్తున్న వాళ్ళమ్మ విమలాదేవి ఆగిపోయింది. ఆ దేవిడీ బావిల ఎన్నడో ఒక పెండ్లికూతురు పడి చచ్చిందంట. అక్కడ పొద్దుగూకినంక ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలకొద్దు — దెయ్యమైతే ఒక్కసారే పిలుస్తది. మా గల్లీల పసిపోరలకు గూడ ఎరికే.

మనస్విని మరిచింది. "ఆఁ..." అన్నది.

మళ్ళ పిలుపు రాలేదు.

అది తొంభై ఎనిమిది, వానకాలం. దసరా నాటికి పిల్ల మారిపోయింది. క్లాసుల కూసొని ఎవరికో జవాబు చెప్తుండె. పువ్వులు కాలిన వాసనొస్తుందని అన్నం నూకేస్తుండె. నడిరాత్రి లేచి, "పిలుస్తనే ఉన్నరమ్మా..." అని గుసగుసలాడుతుండె. తావీజు కట్టిన్రు. నిమ్మకాయలు దిగదుడిచిన్రు. వేపమండలతో కొట్టిన్రు కూడా. వెన్నెల లాంటి ఆ మొఖం మీద ఎర్రటి చారలు... ఎదురింటి పోరన్ని నేను, మా కిటికీల నుంచి చూసి ఏడ్చిన. నోరు మాత్రం తెరవలేదు.

చలికాలంల ఒకనాడు ఫిట్స్ వచ్చి మెట్ల మీద పడ్డది. ఆటోల ఏస్కొని దవాఖానకు ఉరికినం.

స్కానింగ్ తీసిన్రు. తలల నీళ్ళ తిత్తి — నిమ్మకాయంత.

ఈ వయసు పిల్లలకు గిట్ల గొంతులు వినబడుడు, లేని వాసనలొచ్చుడు ఆ తిత్తితోని కావచ్చన్నడు డాక్టరు. ఖాయంగ చెప్పలేనన్నడు. కానీ అది పెరుగుతున్నది, ఆపరేషన్ ఆలస్యమైతే పానానికే ముప్పన్నడు. సంతకం పెట్టమన్నడు.

విమలాదేవి కలం ముట్టలేదు. పెనిమిటి పోయినంక ఆమెకున్నది ఆ బిడ్డొక్కతే.

"మొదటి పిలుపు నేను గూడ విన్న, డాక్టర్ సాబ్. మరి నా తలల గూడ తిత్తి ఉన్నదా?"

తెల్లారంగనే బిడ్డను మంత్రగాని దగ్గరికి తీస్కపోతనని ఆమె లేచింది.

మంచం మీద మనస్విని కండ్లు తెరిచింది. నా దిక్కే చూసుకుంట పెదవులు కదిపింది — "మళ్ళ పిలుస్తున్నరా...?"

అది విని విమలాదేవి తలుపు దిక్కు నడిచింది.

మా అమ్మ విమలాదేవిని వదినె అంటది. నాకు అత్తమ్మ. తలుపు దాకా పోయిన ఆమె కొంగు పట్టుకున్న.

"అత్తమ్మా... ఆ దినం గోడ వెనక దెయ్యం లేదు. నేనున్న. ఆ పేరు ఒక్కసారి నోరారా అనబుద్ధయింది... పిలిచింది నేనే."