మూడో నంబరు మైనపు బిళ్ల

2007 మే నెలలో ఒక పొద్దున డాక్టర్ రూతమ్మ నాగర్‌కర్నూల్ నుంచి మొదటి బస్సుకే వచ్చి, వనపర్తిలో డిటెక్టివ్ రాఘవేందర్ ఆఫీసు మెట్లెక్కింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఒక మైనపు బిళ్ల పోయింది. అగ్గిపెట్టెల సగముంటది. రేపు పది గంటలకల్లా అది హైదరాబాద్‌ల లేకుంటే ఒక పిల్లకు మందు దొరకదు."

రాఘవేందర్ సహాయకురాలు సుమన నోట్‌బుక్ తెరిచింది.

కండలో పుట్టే ఒక అరుదైన క్యాన్సర్. పది ఊళ్లు వెతికినా ఒక్క రోగి దొరకడు. అందుకే ఐదు దేశాల డాక్టర్లు తమ రోగుల గడ్డల ముక్కలు ఒకచోట చేర్చి, కొత్త మందు ఎవరికి పనిచేస్తుందో కలిసి చూస్తున్నారు. ముక్క రేపటికి హైదరాబాద్ చేరిన రోగికే ఆ మందు ఇస్తారు. మూడేళ్లు తిరిగి రూతమ్మ నలుగురిని పోగుచేసింది. ఒక్కొక్కరి ముక్కను మైనంలో పోతపోసి బిళ్ల చేశారు. పోయింది మూడోది, గద్వాల పిల్ల తరన్నుమ్‌ది. పద్నాలుగేళ్లు.

"మళ్ల ఒక ముక్క తీయరాదా?" అన్నాడు రాఘవేందర్.

"ఇంకోసారి కోస్తే పిల్ల తట్టుకోదు. పోలీసులను పిలిస్తే తక్కిన ముగ్గురు బెదిరి పోతరు. అందుకే మీ దగ్గరికొచ్చిన."

పదకొండుకల్లా ముగ్గురూ రూతమ్మ దవాఖానలో ఉన్నారు. ల్యాబు గదిలో బిళ్లలు దాచిన డబ్బా మూత సరిగా పెట్టే ఉంది. మూడు బిళ్లలు వరుసగా ఉన్నాయి. మధ్యలో ఒక గడి ఖాళీ.

అటెండరు కురుమూర్తి నడుము తడిమి చూపించాడు. "తాళంచెవి నా మొలతాడుకే ఉంటది సార్. తానం చేసినా తియ్య."

"మరి దొంగెట్ల వచ్చిండు?" అన్నాడు రాఘవేందర్.

"నిన్న మధ్యాన్నం నీళ్ల ట్యాంకర్ వస్తే ఉరికిన. గది తెరిచే ఉండె. నాలుగు రోజులకొక్కసారి వస్తది సార్, మంచానికొక్క బిందె. నేను లేకుంటే జుట్లు పట్టుకుంటరు."

ల్యాబు పనివాడు నిరంజన్‌కు పొగరెక్కువ. "పరిశోధనల నా పేరు రాయలేదని కోపమున్న మాట నిజమే. కోపంతో చేస్తే నాలుగూ పారేద్దును గద."

"బిళ్లల మీద నంబర్లే ఉన్నయి. ఎవరిదేదో బయటోళ్లకెట్ల తెలుస్తది?" అడిగాడు రాఘవేందర్.

"ఇంటోళ్లు అడిగితే ఎవరిది వాళ్లకు చూపించిన. తప్పా?"

వార్డులో తరన్నుమ్ నిద్రపోతోంది. తండ్రి ఇస్మాయిల్ గోడకానుకున్నాడు. నాయనమ్మ అమీనాబీ విసనకర్రతో విసురుతోంది. ఆమె తలకు కప్పుకున్న తెల్ల ఓణీ కొంగు కొత్తగా చింపినట్టుంది.

"నాకేం తెల్వదు బేటా," అంది, అడగకముందే.

వెనక వాకిట్లో సుమన ఆగిపోయింది. నిరుడే ఎండి మోడైన నిమ్మచెట్టు. దాని పాదు మాత్రం తడిగా ఉంది.

"సార్, ఎండిన చెట్టుకు ఎవరు నీళ్లు పోస్తరు?"

రాఘవేందర్ వంగి ఆ తడిమట్టిని వేలితో తాకాడు. "కేసు నువ్వే తేల్చినవ్ సుమనా. అందర్నీ పిలువు."

అందరూ ల్యాబులో చేరారు. రాఘవేందర్ గొంతు పెంచకుండా మొదలుపెట్టాడు.

"పగతో వచ్చినోడు నాలుగూ ఎత్తుకపోతడు. ఈ మనిషి ఒక్కటే తీసి, మూత సరిగ పెట్టింది. అంటే పరిశోధన మీద పగ కాదు, ఆ ఒక్క ముక్క మీద ప్రేమ. గది తెరిచున్నప్పుడు వచ్చింది. తన బిళ్ల ఏదో నిరంజన్ ముందే చూపించిండు. కొంగు చింపి దాన్ని చుట్టింది. తాగ నీళ్లు లేనికాడ, తన బిందెల నీళ్లు ఈ పొద్దున గూడ మట్టికి పోసింది. చెట్టుకు కాదు. మనిషిని కొత్తగ పూడ్చినకాడ నీళ్లు చల్లుతరు. గంతే కదమ్మా?"

అమీనాబీ విసనకర్ర ఒళ్లో పెట్టుకుంది. "మనిషి ముక్క మట్టికి పోవాలె సాబ్. నా పిల్ల ముక్క డబ్బల ఊర్లు తిరుగుతుంటే పాణమొప్పలే. వద్దని చెప్తే మందు లిస్టుల పిల్ల పేరు కొట్టేస్తరని భయపడ్డ. ముక్క లేకుంటే మందే రాదని నాకు తెల్వదు."

"అమ్మీ, నేను సంతకం పెట్టిన గద," అన్నాడు ఇస్మాయిల్.

"నువ్వు పెట్టినవ్. నన్నెవరడిగిండ్రు?"

రూతమ్మ వెళ్లి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. "నేనడగాల్సింది. పరీక్షలైనంక మిగిలింది నా చేతులతో తెచ్చిస్త. అప్పుడు గద్వాలలోనే పూడ్చుదురు."

"మట్టిల పడ్డది ఇంకేం పనికొస్తది?" అంది అమీనాబీ.

"మైనం నీళ్లు తాగదమ్మా. ఒక్కరోజుకు ఏం కాదు," అన్నాడు రాఘవేందర్.

పాదు అమీనాబీయే తవ్వింది. గుడ్డ మడతలో బిళ్ల చెక్కుచెదరలేదు. నిరంజన్ పరీక్షకు బిళ్ల నుంచి పల్చటి పొర తీశాడు. రూతమ్మ మైక్రోస్కోపులోంచి తల ఎత్తేసరికి ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "బాగుంది. మొత్తం బాగుంది."

సాయంత్రం బస్సులో డబ్బా సుమన ఒళ్లో పెట్టుకుంది. మర్నాడు తొమ్మిదిన్నరకు హైదరాబాద్‌లో అందించింది.

పదకొండు నెలల తర్వాత రూతమ్మ పిలిస్తే ఇద్దరూ మళ్లీ నాగర్‌కర్నూల్ వెళ్లారు. తరన్నుమ్ బస్టాండు నుంచి నడిచే వచ్చింది. గడ్డ కరిగి చింతగింజంత అయింది. ఐదు దేశాల ఫలితాలు కలిపి చూస్తే, ఆ మందు ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పగల గుర్తు ఒకటి గడ్డ ముక్కల్లోనే దొరికింది. అది మొదట కనిపించిన ముక్కల్లో మూడో నంబరు ఒకటి.

రూతమ్మ మాట ప్రకారం మిగిలిన బిళ్లను తెల్లగుడ్డలో చుట్టి అమీనాబీ చేతిలో పెట్టింది. ముసలామె దాన్ని కళ్లకద్దుకుని, మనుమరాలి వైపు చూసి, మళ్లీ డాక్టరుకే ఇచ్చింది.

"డబ్బలనే ఉంచు బిడ్డా. ఇంకొక పిల్లకు పనికొస్తదేమో. అందరి పనీ అయినంక పూడ్చుదాం."