ఒక్కొక్కటిగా కాదు

శనివారం ఉదయం దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలోని ఆ చిన్న ఫ్లాట్‌లో నాగదుర్గ దోసెలు పోస్తోంది. కల్బా ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసే అత్తగారు అచ్చాయమ్మ సెలవు మీద వచ్చి, మనవరాలు చిన్నికి జడ వేస్తోంది. భర్త సత్యప్రసాద్ మాత్రం టిఫిన్ ముట్టకుండా లాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

అతను జెబెల్ అలీలో క్రేన్ల విడిభాగాలు అమ్మే కంపెనీలో ప్రోగ్రామర్. లక్షల విడిభాగాల వివరాలు కొత్త వెబ్‌సైటు డేటాబేస్‌లోకి ఎక్కాలి. సోమవారమే సైటు తెరుస్తారు. నిన్నటి నుంచి ఎక్కుతున్నది సగంలో ఆగిపోయింది. ఈసారీ కాకపోతే పని ఇంకొకరికి ఇస్తానని ముదీర్, అంటే వాళ్ళ మేనేజరు, ఖాదర్ హుస్సేన్ ఇప్పుడే ఫోన్ చేశాడు.

దోసె పళ్ళెం తెచ్చిన నాగదుర్గ తెర వైపు చూసింది. చిన్ని పుట్టేదాకా హైదరాబాద్‌లో ఆమె చేసిన ఉద్యోగం డేటాబేస్‌ల మీదే.

"ఒక్కొక్క రికార్డూ విడిగా పంపుతున్నారేంటండీ? ఒకటి రాసి, వెతకడానికి వాడే ఇండెక్సులన్నీ సరిచేసుకుంటే గానీ డేటాబేస్ రెండోది తీసుకోదు. ఎప్పటికవుద్ది?"

"నువ్వు ఉద్యోగం మానేసి ఏళ్ళయింది దుర్గా. ఇప్పుడు నాకు పాఠాలు చెప్పకు."

"నేను మానేశానా? ఇక్కడికొచ్చాక మళ్ళీ చేరతానంటే, చిన్నిని ఎవరు చూస్తారన్నది మీరు కాదా?"

సత్యప్రసాద్ మళ్ళీ తెర వైపు తిరిగాడు. అచ్చాయమ్మ జడ ముడి వేసి లేచింది.

"ఏరా ప్రసాదూ, నిన్ను మా అక్క దగ్గరొదిలి నేనీ దేశం రాలేదా? నీ చదువుకి నా పని కావాలి గానీ, నీ పెళ్ళాం పని మాత్రం నీకు అక్కర్లేదా?"

అతను మెల్లగా లేచి కుర్చీ ఇచ్చాడు.

నాగదుర్గ ఇండెక్సులు లేని ఖాళీ టేబుల్ ఒకటి తయారుచేసి, మొత్తం ఫైలును ఒకే ఆదేశంతో అందులోకి పంపింది. చూస్తుండగానే ఎక్కేసింది. రెండుసార్లు పడినవాటిని, వివరాలు తప్పినవాటిని అక్కడే ఏరి పక్కన పెట్టింది. అసలు టేబుల్‌లో సగం ఎక్కినవి తుడిచి, దాని ఇండెక్సులు తీసేసి, మంచివాటిని పెద్ద విడతలుగా అందులోకి తరలించింది.

మధ్యలో ఒక విడత తిరిగొచ్చింది. సత్యప్రసాద్ మొహం పాలిపోయింది.

"కంగారు పడకండి. తప్పున్న విడతే వెనక్కొచ్చింది, ఎక్కినవి ఎక్కినట్టే ఉన్నాయి. కొన్ని తేదీలు తిరగేసి రాశారంతే" అంటూ సరిచేసి మళ్ళీ పంపింది. అన్నీ చేరాక చివర్లో అసలు టేబుల్‌కి మళ్ళీ ఇండెక్సులు కట్టింది.

భోజనాల వేళకి పని పూర్తయింది. అతను ఒక విడిభాగం నంబరు కొట్టి వెతికాడు. వెంటనే దొరికింది.

ముదీర్ మళ్ళీ ఫోన్ చేశాడు. "ప్రసాద్ భాయ్, కామ్ ఖలాస్?"

"ఖలాస్ సార్, అయిపోయింది. చేసింది నేను కాదు, మా ఆవిడ. ఎలా చేసిందో తననే అడగండి."

నాగదుర్గ ఫోన్ అందుకుని తడబడకుండా అంతా వివరించింది. పెట్టేశాక భర్త వైపు తిరిగింది.

"సోమవారం ఉద్యోగం గురించి మాట్లాడ్డానికి రమ్మన్నారు. వెళ్తున్నాను. మరి చిన్ని స్కూలు బస్సు దిగే వేళకి?"

"నేనుంటాను. డ్యూటీ టైం మార్పించుకుంటాను." అతను ఆమె చేతిలోని ఫోన్ అందుకున్నాడు. "నువ్వు అడిగిన రోజే ఈ మాట అనాల్సింది."

పోట్లాటలో రాని కన్నీళ్ళు ఇప్పుడొచ్చాయి ఆమెకి. పైట చెంగుతో తుడుచుకుని, కుర్చీలోంచి లేవకుండానే అంది:

"చిన్నికి ఆకలేస్తోంది. అన్నాలు వడ్డించండి."

సత్యప్రసాద్ వంటింట్లోకి నడిచాడు.