చెడిన బోణీ

గూఢచారి శాఖలో రికార్డులు చూసే గుమాస్తా శవం మంగళవారం హనోయ్ పడమటి సరస్సులో తేలింది. బుధవారం పొద్దున్న ఏడింటికి, సందు చివరి కాఫీ దుకాణంలో చిన్న పీట మీద కూర్చుని, శాఖలో పై అధికారి దోవాన్ ఆ సంగతి ఖాయ్ చెవిన వేశాడు.

"తొమ్మిది పేర్లు తమ్ముడూ. పరాయి దేశాల్లో దుకాణాలు పెట్టుకుని, పెళ్ళాం పిల్లలతో బతుకుతున్న మన మనుషులు. వాడు ఆ జాబితా అమ్ముకున్నాడు. అది హద్దు దాటిందంటే తొమ్మిది ఇళ్ళల్లో ఏడుపులే."

"కొన్నదెవరన్నా?"

"ప్రెస్కాట్. భార్య పేరు ఎడిత్. పైకి రిటైరైన దంపతులు, పది రోజుల విహారయాత్ర. వాళ్ళను ఊళ్ళు తిప్పుతున్న గైడ్ ఎవరనుకున్నావ్? మీ లువా."

గుడ్డుసొన నురగ వేసిన కాఫీ గ్లాసుని ఖాయ్ బల్ల మీద పెట్టేశాడు. లువాను ప్రెస్కాట్ ముఠాలోకి డబుల్ ఏజెంటుగా పంపింది అతనే. నాలుగేళ్ళుగా నెలకొక కబురు తప్పకుండా పంపేది. ఈ నెల కబురు లేదు.

"అది నా చేతిలో పెరిగిన పిల్లన్నా."

"పెంచిన చేతినే కరుస్తారయ్యా ఎవరైనా!" దోవాన్ గొంతు తగ్గించాడు. "రేపటి నుంచి వాళ్ళ వ్యాన్‌కి డ్రైవర్‌వి నువ్వే. చివరి రోజు వ్వే నగరం నుంచి దనాంగ్ విమానాశ్రయానికి వెళ్తారు. దారిలో హై వాన్ కనుమ. పైన పాత కోట గుమ్మం దగ్గర మనవాళ్ళు టీ కొట్లో ఉంటారు. రుజువు లేకుండా విదేశీయుల్ని ముట్టుకోలేం, గొడవైపోతుంది. అమ్మాయి మాత్రం మన మనిషి. అమ్ముడుపోయిందని నీకు నమ్మకం కుదిరితే అక్కడ బండి ఆపి బానెట్ ఎత్తు. మిగతాది వాళ్ళు చూసుకుంటారు. ఎత్తకపోతే ఆ తొమ్మిదిమందికీ జవాబుదారీ నీది."

బల్ల కింద నుంచి ఒక పిస్టల్ చేతులు మారింది. "పారిపోబోతే," అన్నాడు దోవాన్, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

*

ముందు పంటికి బంగారు తొడుగు, చెంప మీద వెంట్రుక మొలిచిన పుట్టుమచ్చ, చెప్పుల కాళ్ళు. యాభై నాలుగేళ్ళ ఖాయ్‌ని కన్నతల్లి లేచొచ్చినా గుర్తుపట్టేది కాదు. లువా మాత్రం రెండు క్షణాలు చూసింది. నల్ల కళ్ళద్దాలు, పాలమీగడ రంగు పట్టు దుస్తులు, ఎత్తు మడమల చెప్పులు. హోటల్ మెట్లు దిగుతుంటే గుమ్మంలోని కాపలావాడు తలుపు తీయడం కూడా మరిచిపోయాడు.

"ఏం బాబాయ్, ఈ బండికి బ్రేకులున్నాయా, నీ పన్ను మెరిస్తే అదే ఆగిపోతుందా?"

"బ్రేకులున్నాయమ్మాయ్. హారనే లేదు. నువ్వున్నావుగా!"

ప్రెస్కాట్ అర్థం కాకపోయినా నవ్వాడు. ఖాయ్ కూడా నవ్వాడు గానీ చెవులు ఆమె తర్వాతి మాట మీదే ఉన్నాయి. క్షేమంగా ఉంటే 'ఇవాళ ఉక్కగా ఉంది' అనాలి. ఆపదలో ఉంటే 'వాన వచ్చేట్టుంది' అనాలి. ఆ రెండు మాటలూ వాళ్ళిద్దరూ కలిసి పెట్టుకుని, శాఖ ఫైల్లో రాయించినవే. లువా రెండూ అనలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులూ వాళ్ళకు సెలవులు, ఖాయ్‌కి శిక్ష. నిన్ బిన్‌లో సున్నపురాతి కొండల నడుమ, కాళ్ళతో తెడ్లు వేసే ఆడవాళ్ళ పడవల్లో మూడు గంటలు తిరిగారు. వరిచేలలో బాతుల ఫోటోలు తీశారు. వ్వే నగరంలో రాజుల సమాధుల చుట్టూ సైకిళ్ళు తొక్కారు. ప్రెస్కాట్‌కి తొందరే లేదు, ఒక్కొక్క పూట గంటసేపు తినేవాడు. ఎడిత్ మాత్రం లువాను గోరంత దూరం కూడా వదిలేది కాదు. ఒకే గదిలో పడుకునేవారు, ఒకే గొడుగు కింద నడిచేవారు.

ఇంకొకటి. నగలంటే గిట్టని లువా చేతికి ఇప్పుడొక పచ్చరాతి గాజు ఉంది. మణికట్టుకి బిగుతుగా, తీయాలన్నా రానంతగా పట్టేసింది. 'ప్రెస్కాట్ గారి కానుక' అని ఆమే పొద్దస్తమానం అందరికీ చెప్పుకుంటోంది. కానుకలు తీసుకునే దాకా వచ్చిందా అనుకున్నాడు ఖాయ్.

*

చివరి రోజు ఆరున్నరకి వ్వే బజారులో ఆగారు. టోపీల కొట్టు అప్పుడే తెరిచారు. వ్వే వాళ్ళ ఆకు టోపీలకు ఒక ప్రత్యేకత ఉంది. రెండు పొరల ఆకుల మధ్య కాగితంతో కత్తిరించిన కవిత దాచిపెడతారు. చేతిలో ఉంటే మామూలు టోపీ. వెలుగుకి అడ్డంగా పడితే అక్షరాలు కనిపిస్తాయి.

లువా ఒక టోపీ తీసింది, తిప్పింది, అడిగిన ధరలో మూడోవంతుకి బేరం మొదలెట్టింది. పది నిమిషాలు లాగింది. కొట్టావిడ చివరికి సరేనంది. అప్పుడు లువా టోపీని గుట్ట మీదికి విసిరేసి, "నాకొద్దులే, రంగు బాగాలేదు," అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

పక్క వరసలో అరటిపళ్ళు ఏరుతున్న ఖాయ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల తల్లి విన్ ఊరి బజారులో ముప్పై ఏళ్ళు రొయ్యల ముద్ద అమ్మింది. పొద్దున్నే మొదటి బేరగాడిగా వెళ్ళి కొనకుండా రావడమంటే ఏమిటో లువాకు ఒకరు చెప్పాలా? ప్రాణం పోయినా చేసేది కాదు, ఒకప్పుడు. కొట్టావిడ చిరునవ్వుతో టోపీ తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ పైన సర్దింది. కాసేపటికి ఎడిత్ వెళ్ళి, చెప్పిన ధరకే, పై టోపీ కొనుక్కుని పెట్టుకుంది. యాత్రికులన్నాక టోపీలు కొంటారు.

ఫోన్ మోగింది. దోవాన్. "ఏమంటావ్ తమ్ముడూ?"

ఖాయ్ చేతిలోని అరటిపళ్ళు తిరిగి గుట్టలో పెట్టేశాడు. "మారిపోయిందన్నా," అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి అతనికి పట్టినంత కష్టం జీవితంలో ఏ పనికీ పట్టలేదు.

*

లాంగ్ కో దగ్గర ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుటేరు. రోడ్డు వారన ఎండు స్క్విడ్లు అమ్మే ఒక ముసలామె అప్పుడే బొగ్గులు రాజేసి బుట్ట విప్పుతోంది.

"ఇక్కడ ఆపు బాబాయ్," అంది లువా. ఎడిత్ వైపు తిరిగి ఇంగ్లీషులో ఊరించింది. "దిగి బేరమాడండి మేడమ్. కొననక్కర్లేదు. అదే సరదా!"

ఎడిత్ దిగి, అయిదారు స్క్విడ్లు పిసికి చూసి, వేళ్ళతో ధర చూపించి, తల అడ్డంగా ఊపి నవ్వుతూ వచ్చి ఎక్కింది.

ముసలామె లేచింది. "ఎక్కడ దాపురించావే తల్లీ పొద్దున్నే! నీ చెయ్యి పడ! ఇంక ఇవాళ ఈగలు తోలుకోవాల్సిందేనా?" అంటూ పాత పేపరు ముక్క వెలిగించి, బుట్ట చుట్టూ మూడుసార్లు తిప్పి, ఎడిత్ నిలబడ్డ చోటంతా పొగబెట్టింది. కాలుతున్న ముక్కను బండి వెనక్కి విసిరేసి, తుపుక్కున ఊసింది.

ప్రెస్కాట్ పడీపడీ నవ్వుతూ ఫోటో తీశాడు. లువా నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి, డ్రైవర్ ముందున్న అద్దంలో ఖాయ్ కళ్ళలోకి చూసింది. రెప్ప వేయలేదు.

ఖాయ్ గేరు వేసి బండి కదిలించాడు.

బోణీ చెడితే ఈ దేశంలో ఏ కొట్టు మనిషైనా చేసేది ఇదే. కాగితం కాలుస్తుంది, తిడుతుంది, ఆ చెడ్డ అడుగుని పొగతో తరిమేస్తుంది. తల్లి పేగులోంచి వచ్చిన అలవాటు. మరి పొద్దున్న టోపీల కొట్టావిడ? ఒక్క తిట్టు లేదు, ఒక్క అగ్గిపుల్ల లేదు. నవ్వింది! ఆవిడ కొట్టు మనిషే కాదు, ప్రెస్కాట్‌కి జాబితా అందించడానికి కూర్చున్న మనిషి. బజారు పిల్ల లువా ఆ బోణీ కావాలనే చెడగొట్టింది. తను చూస్తున్నాడని తెలిసి చెడగొట్టింది. తనేమో గుడ్డివాడిలా చూసి, 'మారిపోయింది' అని తీర్పు చెప్పేశాడు.

వెనక సీటులో ఎడిత్ పక్కన ఆ టోపీ ఉంది.

కనుమ ఎక్కుతుంటే మంచు కమ్మింది. పది గజాల అవతల ఏమీ కనబడదు. వెలుగుకి పట్టి చూద్దామంటే సూర్యుడెక్కడ? పాత కోట గుమ్మం లీలగా కనిపించింది. టీ కొట్లో నలుగురు మగాళ్ళు గ్లాసులు దించి బండి బానెట్ వైపు చూస్తున్నారు. ఖాయ్ బండి ఆపాడు. బానెట్ ముట్టుకోలేదు. తలుపు తీసి, వెనక సీటులోని టోపీ తీసుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

"చినుకులు పడుతున్నాయి దొరసానీ. దీపాలకు బురద పట్టింది, తుడిచొస్తా."

బజారులో దొరికే ఆకు టోపీ కోసం ఎవరూ కేకలు పెట్టరు. ఎడిత్ కెవ్వుమంది. ప్రెస్కాట్, అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళ నొప్పుల ప్రెస్కాట్, ఒక్క దూకులో రోడ్డు మీద ఉన్నాడు. చేతిలో పెన్నంత తుపాకి.

ఖాయ్ టోపీని హెడ్‌లైటుకి అడ్డంగా పట్టాడు. కవిత లేదు. ఆకుల మధ్య గోరంత ఫిల్ము ముక్కలు, వరసగా తొమ్మిది.

తుపాకి లేచింది. వెనక నుంచి లువా చెయ్యి అంతకంటే వేగంగా దిగింది. పచ్చరాతి గాజు ప్రెస్కాట్ మణికట్టు మీద భళ్ళున పగిలింది. గుండు మంచులోకి పోయింది. గాజు ముక్కలతో పాటు బియ్యపు గింజంత మైకు ఒకటి రోడ్డు మీద పడింది. టీ కొట్టు నలుగురూ అప్పటికే పరుగెత్తుకొస్తున్నారు.

*

దంపతుల్ని జీపులో తీసుకెళ్ళారు. టోపీల కొట్టావిణ్ణి పట్టుకోమని ఖాయ్ వ్వేకి ఫోన్ చేశాడు. లువా రాతి మీద కూర్చుని గాజు ముక్కలు కోసుకున్న చేతికి గుడ్డ చుట్టుకుంటోంది.

"పచ్చరాయి పగిలితే మన గండం అది పట్టుకుపోయినట్టేనట. మా అమ్మ చెప్పేది," అంది.

"ఒక్క కోడ్ మాటైనా అనొచ్చుగా అమ్మాయ్!"

"కోడ్ మాటలూ గుమాస్తా అమ్మిన ఫైల్లోవే బాబాయ్. నాకంటే వాళ్ళకే బాగా వచ్చు. గాజు వింటోంది, ఆవిడ చూస్తోంది. ఇంకేం మిగిలింది నాకు, బజారు తప్ప?"

ఖాయ్ తల వంచుకున్నాడు. ఆమె గుడ్డకు ముడివేస్తూ మెల్లగా అడిగింది. "నీ సీటు కింద పిస్టల్ ఉంది కదూ. అది వాళ్ళ కోసం కాదుగా?"

అబద్ధాలు చెప్పడం నేర్పే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళున్న మనిషికి ఆ ఒక్కదానికి అబద్ధం దొరకలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. బంగారు తొడుగు ఊడదీసి లోయలోకి విసిరేశాడు.

"పోనీలే," అంది లువా. కానీ ఆ మాటలో పోనిచ్చినట్టు లేదు. "బండి తిప్పు. ఆ ముసలామె పాపం ఊరికే పోదు."

లాంగ్ కోలో ముసలామె బుట్ట దగ్గరికి తిరిగొచ్చారు. బుట్టెడు స్క్విడ్లూ బేరమాడకుండా కొనాలని ఖాయ్ జేబు తడుముకుంటూ బండి ఆపాడు. తొమ్మిది ప్రాణాలు కాపాడి వస్తున్నామని ఆవిడకు చెప్పడానికి ఉద్యోగం రూల్సు ఒప్పుకోవు. బండిని గుర్తుపట్టగానే ఆవిడ అగ్గిపెట్టె తీసింది.