లైటు వెలిగింది, పోర్టు లేదు

సుచిత్ర చౌరస్తాలో సిగ్నల్ పడిన సమయంలో ఇంజినీర్ దీక్షిత్‌ను కాల్చేశారు. హారన్ల గోలలో సైలెన్సర్ తుపాకీ చప్పుడు ఎవరికీ వినపడలేదు.

ఏజెంట్ విక్టర్ ఫోన్ మోగింది. అవతల చీఫ్ భిక్షం.

"దీక్షిత్ పోయిండు. ఆయన చేసిన బోర్డు ఆయన శిష్యురాలు సుప్రజ తెస్తాంది, మేడ్చల్‌ల కలుస్తది. జల్దీ షామీర్‌పేట పో."

"నేను తుపాకులోన్ని సార్. బోర్డు గురించి నాకేం ఎరుక?"

"నాకు మాత్రం ఏం ఎరుక? ఎరుకున్నోడు పోయిండు."

షామీర్‌పేట దాటాక ఒక కోల్డ్ రూమ్ ఉంది. అందులోని కొత్త వ్యాక్సిన్ నమూనాలను నాశనం చేయాలని ఒక విదేశీ ముఠా బాంబు పెట్టి, ఎలక్ట్రానిక్ తాళం బిగించింది. తలుపు పగలగొడితే పేలుతుంది. ముట్టుకోకపోయినా నాలుగింటికి పేలుతుంది. దీక్షిత్ రాసిన ప్రోగ్రామ్‌ను అరచేతిలో పట్టే మైక్రోకంట్రోలర్ బోర్డులోకి ఎక్కిస్తే, అది పంపే సిగ్నల్‌కు తాళమూ తెరుచుకుంటుంది, బాంబూ ఆగుతుంది.

"లోపల నమూనాలతో పాటు డ్యూటీల ఉన్న రోజీ సుత ఇరుక్కుంది," అన్నాడు భిక్షం మెల్లగా. "నీ భార్య గనక రూల్ ప్రకారం నిన్ను పంపొద్దు. ఇంకెవరున్నరు చెప్పు?"

మేడ్చల్‌లో తెల్ల కారు ఆగింది. అందులో ఒక ఆడమనిషి: నల్ల కళ్లద్దాలు, ఘుమఘుమలాడే సెంటు.

"గండిమైసమ్మకు బస్సుందా?" అన్నాడు విక్టర్.

"కొబ్బరికాయ ఉంటే ఉంది," అంది సుప్రజ. కోడ్ సరిపోయింది. లాప్‌టాప్, బోర్డు, కేబుల్ ఆమె ఒళ్లోనే ఉన్నాయి.

కోల్డ్ రూమ్ ముందు కారు బానెట్ మీద లాప్‌టాప్ తెరిచి, విక్టర్ దీక్షిత్ చివరి వాయిస్ మెసేజ్ పెట్టాడు: "బోర్డు గుచ్చు. స్క్రీన్ మీద పోర్టు కనపడాలె, అంటే లాప్‌టాప్ బోర్డును గుర్తుపట్టినట్టు. బోర్డు మీది బూట్ బటన్ ఒత్తి పట్టుకొని అప్‌లోడ్ కొట్టు. నీలం లైటు మిణుకుమంటే బోర్డు బతికున్నట్టు."

గుచ్చాడు. ఎర్ర లైటు వెలిగింది. పోర్టు మాత్రం లేదు. ఇంకో రంధ్రంలో గుచ్చాడు. అప్పుడూ లేదు.

"బోర్డు కాలిపోయినట్టుంది," అంది సుప్రజ. "దీక్షిత్ గారు తొందరలో చేశారు. పదండి, ఇక్కడే ఉంటే మనమూ పోతాం."

లోపలి నుంచి రోజీ తలుపు తడుతోంది. కాసేపటికి ఆ చప్పుడూ ఆగిపోయింది. విక్టర్ తుపాకీ తీసి తాళానికి గురిపెట్టి, మళ్లీ తల వంచుకుని దించాడు. చేతిలో తుపాకీ ఉంది, కాల్చడానికి మనిషి లేడు.

మొన్నటి క్రిస్మస్ గుర్తొచ్చింది. మచ్చ బొల్లారం చర్చిలో పాటల రికార్డింగ్. మైకు లైటు వెలిగింది కానీ గొంతు ఎక్కలేదు. మైకు పాడైందని అతను తిట్టుకుంటుంటే రోజీ కేబుల్ పీకి చూపించింది. "మనోళ్లకు లైటొస్తే సాలు, తీగ మంచిదంటరు. గిది ఉత్త ఛార్జింగ్‌ది. దీనిలోంచి కరెంటు పోతది, మాట పోదు."

విక్టర్ తలెత్తాడు. "సుప్రజగారూ, మీరు దీక్షిత్ దగ్గర పని నేర్సుకున్నోళ్లు. గింత చిన్న ముచ్చట మీకు తెల్వదా?"

ఆమె నవ్వింది. బోర్డు పగలగొడితే అనుమానం తన మీదికొస్తుంది. కేబుల్ మారిస్తే తప్పంతా చచ్చినవాడి మీదికి పోతుంది. ముఠా మనిషిగా ఆమె వేసిన లెక్క అది. నవ్వుతూనే లిప్‌స్టిక్‌లా కనిపించే చిన్న తుపాకీ మూత తీసింది. అప్పటికే విక్టర్ ఆమె చేతికీ కారు తలుపుకూ బేడీ వేశాడు. లిప్‌స్టిక్ పేలి టైరు పోయింది.

విక్టర్ తన సంచిలోంచి, ఆ రోజు రోజీ మార్చి ఇచ్చిన చర్చి మైకు కేబుల్ తీశాడు. పోర్టు కనపడింది. అప్‌లోడ్ కొట్టాడు. ఎర్రర్! బూట్ బటన్ మరిచిపోయాడు. ఒత్తి పట్టుకొని మళ్లీ కొట్టాడు. నీలం లైటు ఒక్కసారి మిణుకుమంది. తాళం టక్కుమంది. బాంబు గడియారంలో ఒక్క సెకను మిగిలింది.

నీలం తిరిగిన పెదాలతో, నమూనాల డబ్బాను కావలించుకుని రోజీ బయటికొచ్చింది.

"గింత సేపేంది?"

"కేబుల్..."

"ఛార్జింగ్‌దా?" అంది. విక్టర్ ఆమెను పట్టుకుని ఏడ్చేశాడు.

దీక్షిత్‌ను మాత్రం ఏ కేబులూ తిరిగి తేలేదు. సుప్రజ కేబుల్‌ను సాక్ష్యంగా సీజ్ చేశారు. ఇప్పుడు చీఫ్ భిక్షం రోజూ దానితోనే ఫోన్ ఛార్జ్ చేసుకుంటున్నాడు. మంచి కేబులట.