పండుగనాడు వేసిన ప్యాచ్

వనపర్తి బస్టాండు వెనక, మందుల దుకాణం పై అంతస్తులో వసంత ఆఫీసు. బోర్డు మీద ప్రైవేటు డిటెక్టివ్ అని ఉంటుంది గానీ వచ్చే పనుల్లో ఎక్కువ పెళ్లి వాకబులే. పిల్లవాడు తాగుతాడా, పిల్లకు కోపం ఎక్కువా, ఇలాంటివి. ఆమె కానిస్టేబులు ఉద్యోగం వదిలేసి ఈ బోర్డు పెట్టిన రోజు నవ్వినవాళ్లే ఇప్పుడు సంబంధం ఖాయం చేసుకునే ముందు గుట్టుగా మెట్లెక్కి వస్తారు. సహాయకుడు వంశీ కంప్యూటర్ డిప్లొమా చదివాడు. హైదరాబాదు ఉద్యోగాలు వదులుకుని ఇక్కడ ఉండిపోయింది మేడం బుర్ర చూసేనని అందరికీ చెబుతాడు. అది బద్ధకమని వసంత అంటుంది.

దసరా వెళ్లిన వారానికి బాలమణి ఆ మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. తన భర్త ఇమ్మానుయేల్ మల్దకల్‌లో ఒక విత్తనాల కంపెనీ సెంటర్‌లో కంప్యూటర్ ఆపరేటర్ అనీ, రైతులు కొడితే చెయ్యి విరిగి గద్వాల దవాఖానలో ఉన్నాడనీ చెప్పింది.

జరిగింది ఇదీ. కంపెనీ సర్వర్ గద్వాల ఆఫీసులో ఉంటుంది. ఊళ్లలోని సెంటర్ల నుంచి ఆపరేటర్లు తమ కంప్యూటర్ల ద్వారా దూరం నుంచే అందులోకి వెళ్లి పని చేస్తారు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ల సెంటర్ కంప్యూటర్ తెరిచి ఉంటేనే పనిచేస్తుంది. నిరుడు రైతులు పండించిన పత్తి విత్తనాల పరీక్ష ఫలితాలన్నీ దానిలోనే ఉన్నాయి. దసరానాడు ఎవరో బయటి నుంచి దూరి ఆ ఫలితాలను ఎవరూ తెరవలేకుండా బిగించేశారు. ఫలితం లేనిదే కంపెనీ విత్తనం తీసుకోదు. ఏడాదిగా ఎదురు చూస్తున్న రైతులకు కంపెనీ యజమాని రామచంద్రయ్య స్వయంగా వచ్చి, ఇమ్మానుయేల్ తన పాస్‌వర్డ్ ఎవరికో అమ్ముకున్నాడని చెప్పాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఆయనకు తెలియకపోదు.

"ఒప్పుకుంటే కేసు పెట్టనన్నడు మేడం," అంది బాలమణి. "లేకుంటే సోమవారం పోలీసులకు పట్టిస్తడంట. మా ఆయన ఒప్పుకోనంటుండు. చెయ్యని తప్పు ఎట్ల ఒప్పుకుంటడు?"

"అయితే సోమవారం లోపల తేల్చాలె," అంది వసంత, చెప్పులు వేసుకుంటూ.

ముందు మల్దకల్ వెళ్లారు. సెంటర్ అంటే ఒక గది, ఒక కంప్యూటర్, గోడ పొడుగునా విత్తనాల సంచులు. ఊడ్చే రుక్కమ్మ తప్ప ఎవరూ లేరు. వంశీ కంప్యూటర్ వెనక వంగి చూస్తుంటే ఆమె కలవరపడింది. గోడ ప్లగ్గు మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

పండుగనాడు ఈ కంప్యూటర్ ఎవరు తెరిచారని వసంత అడిగింది.

"ఎవ్వరు తెర్వలేదమ్మా. ముందటి దినం మాపటికే మిషన్‌కు ఆయుధ పూజ చేసిన. ఇమ్మానుయేలే బంతిపూలు తెచ్చిచ్చిండు, ఏటా ఆయనే తెస్తడు. నేను నీళ్లు చల్లుతనని భయపడి తీగలన్నీ ఆయనే పీకి పక్కకు పెట్టిండు. తాళమేసి చెవి నేనే తీసుకపోయిన. పండుగ తెల్లారి నేను వచ్చి ఊదుబత్తి ముట్టిచ్చినంకనే మల్ల తీగలు పెట్టిండు."

"ఈ మాట ఎవరికన్న చెప్పినవా అవ్వా?"

"నన్నెవరు అడిగిండ్రు?"

బయటికి వచ్చాక వంశీకి ఆవేశం ఆగలేదు. తీగలు పీకిన కంప్యూటర్ నుంచి ఎవరు లోపలికి పోగలరు, ఇది చాలు కదా అన్నాడు. చాలదని వసంత అంది. ఊడ్చే మనిషి మాట ఒకవైపు, యజమాని మాట మరోవైపు ఉంటే జనం ఏది వింటారో ఆమె కానిస్టేబులుగా ఉన్నప్పుడే చూసింది.

గద్వాల ఆఫీసులో కంప్యూటర్ల ఇన్‌చార్జి జగదీశ్. రామచంద్రయ్యకు మేనల్లుడు. మాటకారి, చొక్కా మడత నలగనివ్వడు. పండుగకు కొద్ది రోజుల ముందు సర్వర్ తయారు చేసినవాళ్ల నుంచి హెచ్చరిక వచ్చిందని చెప్పాడు. బయటి నుంచి లోపలికి వచ్చే దారిలో ఒక లోపం ఉందట. పాస్‌వర్డ్ లేకపోయినా ఎవరైనా దూరవచ్చు. దానికి ప్యాచ్, అంటే చిరిగిన చోట వేసే అతుకులాంటి సాఫ్ట్‌వేర్, పంపారు. అది వేసి సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ లేపితేనే అతుకు పడుతుంది.

"పండుగ పొద్దుగాలనే మా ఇంట్ల కూసోని ఏసిన," అన్నాడు. "ఆ దొంగలు లోపలికి జొర్రింది ఆ మధ్యాహ్నం. తొవ్వ మూసినంక లోపలికి వచ్చిండ్రంటే పాస్‌వర్డ్ ఉన్నట్టే గద."

సర్వర్ గదిలోకి తీసుకెళ్లి తెర మీద చూపించాడు. ప్యాచ్ వేసిన తేదీ, సర్వర్ తిరిగి లేచిన తేదీ, రెండూ దసరా ఉదయమే. ఇమ్మానుయేల్ పేరు ఎక్కడుందని వసంత అడిగితే, దొంగలు పోతూ పోతూ ఆ గుర్తులు తుడిచేశారనీ, అంతకుముందే తాను కళ్లారా చూశాననీ అన్నాడు.

"అయినా ఆలోచించుండ్రి మేడం. ఆ దినం అన్ని సెంటర్లల్ల మిషన్లు పూజల ఉన్నయి. ఆయనకు పూజలు లేవాయె. తెరిచి ఉన్నదంటే ఆయనదొక్కటే ఉంటది."

ప్యాచ్ వేశాక సర్వర్ ఎలా లేస్తుందో ఒకసారి చూపించమని వసంత అడిగింది. ఎలాగూ ఫలితాలు తెరుచుకోవడం లేదు, పనీ లేదు, జగదీశ్ సరదాగానే ఆపి మళ్లీ పెట్టాడు. తెర సగం వెలిగి ఆగిపోయింది. అతను అటు చూడకుండానే కీబోర్డు మీద ఒక మీట నొక్కాడు. అప్పుడు కదిలింది.

"పాత పెట్టె. ఇట్ల చెయ్యి పడందే లేవదు," అన్నాడు నవ్వుతూ.

ఇంతలో రామచంద్రయ్య వచ్చాడు. పెద్దమనిషి, పద్ధతిగల మనిషి. ఇమ్మానుయేల్ గురించి మాట్లాడేటప్పుడు కూడా గొంతు పెంచలేదు, పాపం బుద్ధి పెడదారి పట్టిందన్నాడు. వసంత ఆయన్ని పూజ గురించి అడిగింది. ఆయన ముఖం వెలిగిపోయింది. పండుగ ముందటి సాయంత్రం ఆయనే స్వయంగా సర్వర్‌కు బొట్టు పెడతాడు, కీబోర్డును పసుపు గుడ్డలో చుట్టి కడతాడు. ల్యాబు నుంచి ఫలితాలు వస్తుంటాయి గనక సర్వర్‌ను మాత్రం ఆపరు. గదికి తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకుంటాడు. పండుగ మరునాడు కొబ్బరికాయ కొట్టి ఆయనే తెరుస్తాడు. ఈసారి కూడా అంతే.

"నడుమ ఒక్కసారన్న తెరిచిండ్రా?"

"ఎట్ల తెరుస్తమమ్మా? పూజల పెట్టినంక ఈగ గూడ వాలొద్దు."

తిరుగు బస్సులో వంశీ దిగులుగా ఉన్నాడు. తెర మీద తేదీ చూశాక కేసు పోయినట్టేనని అనిపించింది.

"తేదీ మిషన్ చెప్తది. మిషన్‌కు తేదీ ఎవరు చెప్తరు?" అంది వసంత. గద్వాల నుంచి వనపర్తి దాకా వంశీ ఆ మాటనే తిరగేస్తూ కూర్చున్నాడు.

ఆదివారం అందరినీ మల్దకల్ సెంటర్‌కే పిలిపించింది. ఇమ్మానుయేల్ చేత నేరం ఒప్పించడానికే అనుకుని రామచంద్రయ్య కారులో వచ్చాడు, పక్కన జగదీశ్. రైతులు సంచుల మీద, గడప మీద కూర్చున్నారు. ఇమ్మానుయేల్ మెడకు చెయ్యి వేలాడదీసుకుని భార్య పక్కన నిలబడ్డాడు. అతనికి ఎవరూ చోటివ్వలేదు.

వసంత ముందు రుక్కమ్మతో చెప్పించింది. తీగల మాట వినగానే రైతుల్లో కదలిక పుట్టింది. జగదీశ్ మాత్రం తొణకలేదు. ఆమెకు ఇమ్మానుయేల్ అంటే ప్రేమ, అందుకే చెబుతుంది అన్నాడు.

"సరే, ఆమెను పక్కన పెడదాం," అంది వసంత. "నీ మాటే తీసుకుందాం. పండుగ పొద్దుగాల ఇంట్ల కూసోని ప్యాచ్ ఏసి, సర్వర్‌ను ఆపి లేపినవు. అంతే గద?"

"అంతే."

"మీ సర్వర్ సగం లేచి ఆగుతది. ఎవరన్న కీబోర్డు నొక్కితేనే మిగిలింది లేస్తది. నువ్వే మొన్న నొక్కి చూపిచ్చినవు. పండుగ పొద్దుగాల ఆ కీబోర్డు పసుపు గుడ్డల ఉన్నది. గదికి తాళమున్నది. తాళంచెవి మీ మామ మొలతాడుకున్నది. మరి ఎవరు నొక్కిండ్రు?"

జగదీశ్ మామవైపు చూశాడు.

మిగతాది వసంత రైతులవైపు తిరిగి చెప్పింది. పండుగనాటికి ప్యాచ్ పడనే లేదు. దారి బార్లా తెరిచి ఉంది. ఎక్కడివాళ్లో, మల్దకల్ పేరు కూడా విననివాళ్లు, పాస్‌వర్డ్ అవసరమే లేకుండా దూరారు. మరునాడు గది తెరిచి జరిగింది చూసిన జగదీశ్, సర్వర్ గడియారాన్ని ఒక రోజు వెనక్కి తిప్పి, అప్పుడు ప్యాచ్ వేశాడు. తేదీ దసరాగా పడింది. తర్వాత గడియారాన్ని సరిచేశాడు. దారి మూసి ఉందని నమ్మించాక ఎవరో ఒకరి పాస్‌వర్డ్ కావాలి. పండుగనాడు కంప్యూటర్ తెరిచి ఉండగలిగేది ఎవరిదని ఆలోచించాడు. కిరస్తానీవాడు పూజ చేయడు గనక తెరిచే ఉంటాడనుకున్నాడు. ఆ పూజకు పూలు తెచ్చేది అతనేనని కంపెనీలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

"నా ఒక్కనిదేనా తప్పు?" అని జగదీశ్ అరిచాడు. "ప్యాచ్ ఏస్తనని పండుగకు ముందే అడిగిన. ఆపితే లేస్తదో లేదో, పండుగ కానీయమని మామనే అన్నడు."

ఈ మాట వసంత ముందే ఊహించింది. ఆమె రామచంద్రయ్యవైపు తిరిగింది.

"తాళంచెవి మీ దగ్గర్నే ఉన్నది. పండుగ పొద్దుగాల మీ మేనల్లుడు సర్వర్ ఆపి లేపలేదని, అతను కాక, మొదట్నించి తెలిసిన మనిషి మీరొక్కరే. తెలిసే వచ్చి ఈ రైతులకు ఇమ్మానుయేల్ పేరు చెప్పిండ్రు."

రామచంద్రయ్య అప్పుడు కూడా గొంతు పెంచలేదు. ప్యాచ్ వేయలేదని తెలిస్తే తమ చేత విత్తనం పండించుకునే పెద్ద కంపెనీ తెగతెంపులు చేసుకునేదనీ, అప్పుడు ఈ రైతులందరూ వీధిన పడేవాళ్లనీ చెప్పాడు. అందరి కోసం ఒక్కడు ఓర్చుకుంటే ఏమవుతుందన్నట్టే ఉంది ఆ మాట. కేసు లేదు, ఉద్యోగం ఎక్కడికీ పోదు, దవాఖాన ఖర్చు కంపెనీదే అన్నాడు.

రైతులు ఆయన్ని చుట్టుముట్టారు. మరి మా ఫలితాల సంగతేంది, మళ్లీ పరీక్ష చేయిస్తరా అని అడిగారు. చేయిస్తానని ఆయన మాట ఇచ్చాడు. ఎవరూ ఆయన మీద చెయ్యి ఎత్తలేదు. సారూ అనే పిలిచారు. కారు దాకా వెంట నడిచారు కూడా.

వెనక మిగిలినవాడు దశరథం ఒక్కడే. ఆ రోజు మొదటి దెబ్బ వేసింది అతనే. తల వంచుకుని ఇమ్మానుయేల్ దగ్గరికి వచ్చాడు.

"తీగలు పీకి పెట్టిన్నని ఆ దినమే ఒక్క మాట చెప్పకపోతివి తమ్మీ," అన్నాడు.

"చెప్పిన దశరథమన్నా," అన్నాడు ఇమ్మానుయేల్. "నా చెయ్యి నువ్వు పట్టుకున్నవు గద, వెనక్కి ఇరుస్తున్నప్పుడు చెప్పిన. రెండుసార్లు చెప్పిన."

బాలమణి భర్త మంచి చెయ్యి పట్టుకుని, బస్సు వేళవుతోందని బయటికి నడిపించింది.