ఏ పేజీలో ఉంది, ఘైత్?

"ఏ పేజీలో ఉందో చూపించు!"

రనీమ్ లావుపాటి రూల్సు పుస్తకాన్ని బల్ల మీదుగా ముందుకు తోసింది. ఘైత్ దాన్ని తనవైపు లాక్కున్నాడు.

అమ్మాన్‌లో, వెయిబ్దె కొండ మీది కాఫీ షాపులో గురువారం సాయంత్రాలు ఆమె ఈ ఆట నడుపుతుంది. ఆమె కథ చెబుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక పాత్రయి, ఏం చేస్తారో చెప్పి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పక్క బల్ల దగ్గర టీ తాగుతూ ఆమె గొంతు విన్నరోజే ఘైత్ పడిపోయాడు. "నీకు ఈ ఆట వచ్చా?" అని ఆమె అడిగితే, "చిన్నప్పట్నించీ!" అనేశాడు. ఇంటికెళ్లి చాట్‌బాట్‌ను పట్టుకున్నాడు. ఫార్మసీ పరీక్షలకు కూడా అంత చదవలేదు.

ఇప్పుడు కథలో, రనీమ్ తమ్ముడు ఖుసై ఎంతోకాలంగా పెంచుకొచ్చిన దొంగ పాత్ర కొండ అంచున ఒంటిచేత్తో వేలాడుతోంది.

"స్నేహితుడి కోసం ప్రాణానికి తెగిస్తే పాచిక రెండుసార్లు వెయ్యొచ్చు. రూలుంది," అన్నాడు ఘైత్ మళ్లీ.

"లేదు."

"ఉంది! నాకు బాగా గుర్తు."

"అయితే చూపించు మరి."

పేజీలు తిప్పాడు. ముందుకూ, వెనక్కీ. ఎక్కడా లేదు. చాట్‌బాట్ ఎంత ధీమాగా చెప్పిందీ!

"అన్నా, త్వరగా తేల్చు. అవతల నా చెయ్యి జారిపోతోంది," అని మూలిగాడు ఖుసై.

ఘైత్ పుస్తకం మూసేశాడు. "ఇక్కడికి రాకముందు నేనీ ఆట ఎప్పుడూ ఆడలేదు. అంతా చాట్‌బాట్‌ని అడిగి నేర్చుకున్నా. ఈ రూలూ అదే చెప్పింది."

అందరూ గొల్లున నవ్వారు. రనీమ్ మాత్రం నవ్వలేదు.

"చాట్‌బాట్‌ని పక్కన పెట్టు. రూల్సు నేను చూసుకుంటా. నీ నేస్తం పడిపోతున్నాడు, నువ్వేం చేస్తావ్?"

"దూకుతా!"

"తాడుందా?"

"లేదు! ఒక చేత్తో చెట్టు వేరు, ఇంకో చేత్తో వీణ్ణి పట్టుకుంటా!"

ఆమె కళ్లు మెరిశాయి. "ఒక్కసారే వెయ్యాలి. పదిహేడు దాటితేనే ఇద్దరూ బతుకుతారు."

పాచిక దొర్లి, టీ గ్లాసుకు తగిలి, గిర్రున తిరిగి ఆగింది.

పందొమ్మిది!

షాపంతా కేకలు. ఖుసై కుర్చీ ఎక్కి ఘైత్ నెత్తిన ముద్దు పెట్టేశాడు.

ఆట ముగిసేసరికి బయట వాన. చూరు కింద నిలబడ్డ ఘైత్ పక్కకు వచ్చింది రనీమ్.

"ఆ చాట్‌బాట్‌ని అడిగే బదులు నన్నే అడగొచ్చుగా?"

"అడిగితే నాకేం రాదని తెలిసిపోతుందిగా!"

"తెలిస్తే?"

"బల్ల దగ్గరికి రానివ్వవేమోనని. నేను ఆట కోసం రాలేదు, రనీమ్. నీకోసం వచ్చా."

ఆమె వానవైపు చూస్తూ పెదవి కొరుక్కుంది.

"పిచ్చివాడా! మొదటిరోజు నువ్వు పాచికని తిరగేసి పట్టుకుని లెక్క చూసినప్పుడే తెలుసు, నీకేం రాదని."

"మరెందుకు రానిచ్చావ్?"

"అది కూడా చాట్‌బాట్‌ని అడుగుతావా?" అంటూ ఆమె గొడుగు విప్పి, సగం అతని మీదికి వంచింది.